సొమ్ము మనది, మాట వారిది
టైమ్‌షేర్ సభ్యత్వాలపై ధర్మశాస్త్ర దృష్టి

ఇబ్రహీంపట్నం నుండి సాగర్ రోడ్డు వెంట హైదరాబాద్‌కు వెళ్ళే కుటుంబాలకు పెట్రోలు బంకుల వద్ద, షాపింగ్ మాళ్ళలో, ఎగ్జిబిషన్లలో చీటీలు పట్టుకున్న యువకులు ఎదురవుతూ ఉంటారు. పేరు, ఫోను నంబరు, నెలసరి ఆదాయం రాసి డబ్బాలో వేయమంటారు. కొద్ది రోజులకు ఫోను వస్తుంది. "మీకు బహుమతి వచ్చింది, దంపతులిద్దరూ వచ్చి తీసుకోండి" అంటారు. అలా వెళ్ళినవారిని ఒక హోటలు హాలులో రెండు మూడు గంటలు కూర్చోబెట్టి ఊటీ, గోవా, మున్నార్ దృశ్యాలు చూపిస్తారు. ఈ రోజే సంతకం చేస్తే సగం తగ్గింపు అంటారు. రేపటికి ఈ ధర ఉండదని కూడా అంటారు. బహుమతి కోసం వెళ్ళిన కుటుంబం పాతికేళ్ళ ఒప్పందంతో ఇంటికి తిరిగి వస్తుంది.

దీనినే టైమ్‌షేర్ అంటున్నారు. "హాలిడే మెంబర్‌షిప్", "వెకేషన్ క్లబ్" అనే పేర్లూ ఉన్నాయి. దీనిని గురించి మా వద్దకు వచ్చే ప్రశ్నలు రెండు రకాలు. చేరబోయేవారు "ఇది హలాలా, హరామా?" అని అడుగుతారు. చేరి రెండు మూడేళ్ళు గడిచినవారు వేరే మాట అంటారు. "మౌలానా, డబ్బు కట్టాము. గది దొరకడం లేదు. ఏటేటా రుసుము పెంచుతున్నారు. ఎవరిని అడగాలో తెలియడం లేదు" అని వాపోతారు. ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకేచోట ఉందని మా అభిప్రాయం.

అసలు విషయం ఏమిటి?

ఈ పద్ధతి 1960 దశకంలో ఐరోపాలో, ముఖ్యంగా ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ పర్వత ప్రాంతంలో మొదలైంది. ఒకరి వారాన్ని మరొక ఊరిలోని వారంతో మార్చుకునే సౌకర్యం కోసం 1974లో అమెరికాలో ఆర్.సి.ఐ. అనే సంస్థ ఏర్పడింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్ సంస్థ, 1996లో మహీంద్రా సంస్థ ఈ వ్యాపారంలోకి వచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా కంట్రీ క్లబ్ ఎదిగింది.

సూత్రం సులభమైనదే. ఏడాదిలో ఒక వారం రిసార్టులో గడిపే హక్కును పాతికేళ్ళకో, అంతకు అటూ ఇటూగానో కొనుక్కుంటారు. ఇందుకు చెల్లింపులు రెండు. చేరేటప్పుడు కట్టే పెద్ద మొత్తం మొదటిది. గదులు వాడినా, వాడకపోయినా ఏటా కట్టవలసిన నిర్వహణ రుసుము రెండవది. అమ్మేవారు మొదటి దానిని గురించి గంటల తరబడి మాట్లాడతారు. రెండవ దానిని గురించి ఒకటి రెండు మాటలతో సరిపెడతారు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. రుసుము మొదటి ఏడు 15,000 రూపాయలు ఉండి, ఏటా నూటికి 8 చొప్పున పెరుగుతూ పోయిందనుకుందాము. ఇరవై ఐదవ ఏటికి అది సుమారు 95,000 రూపాయలవుతుంది. పాతికేళ్ళలో కట్టిన రుసుమే దాదాపు 11 లక్షల రూపాయలకు చేరుతుంది. ప్రవేశ సొమ్ము దీనికి అదనం. ఈ లెక్కను ఆ హాలులో ఎవరూ వేసి చూపించరు.

వంతుల పద్ధతి మనకు కొత్త కాదు

ఒక వస్తువును పలువురు వంతులవారీగా అనుభవించడం షరీఅత్‌కు తెలియని విషయం కాదు. ఫిఖహ్ గ్రంథాలలో దీనిని "ముహాయఆ" అంటారు. మదర్సాలలో బోధించే హిదాయాలో కూడా దీనికి ఒక ప్రకరణం ఉంది. దీనికి ఆధారంగా ధర్మవేత్తలు హజ్రత్ సాలిహ్ (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని పేర్కొంటారు. సమూద్ జాతి వారి నీటిలో ఒంటెకు ఒక వంతు, ప్రజలకు నిర్ణీత దినాన ఒక వంతు ఉండేవని దివ్య ఖుర్ఆన్‌లోని అష్ షుఅరా సూరా 155వ ఆయత్ తెలుపుతుంది. ఆ వంతులో దినం నిర్ణీతమై ఉండడాన్ని గమనించాలి.

ఇబ్రహీంపట్నం వాసులకు దీనిని వివరించడానికి పుస్తకాలు అక్కరలేదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరు మోస్తున్న మన పెద్ద చెరువే చాలు. తెలంగాణ చెరువుల కింద రైతులు వంతులవారీగానే నీరు పారించుకునేవారు. తూము దగ్గర నీటిని పంచేవాడిని నీరటి అనేవారు. పంట చేతికి వచ్చాక రైతులే అతనికి గింజలు కొలిచి ఇచ్చేవారు. కనుక వంతు తప్పితే అతనిని నిలదీసే హక్కు రైతుకు ఉండేది.

నేటి టైమ్‌షేర్ విషయాన్ని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 2007లో మలేషియాలోని పుత్రజాయలో జరిగిన తన సమావేశంలో పరిశీలించింది. ఆస్తిలో వాటా కొన్నా, కేవలం వాడుకునే హక్కును అద్దెకు తీసుకున్నా, ఒప్పందం షరతులకు లోబడి ఉంటే ధర్మసమ్మతమేనని తీర్మానించింది. మక్కా ముకర్రమాలో హరమ్ షరీఫ్ ఎదుటనున్న జమ్‌జమ్ టవర్‌లో కూడా 24 సంవత్సరాల కాలానికి "సుకూక్ అల్ ఇంతిఫా" పేరుతో ఇలాంటి వాడుక హక్కులనే అమ్మారు. కాబట్టి పద్ధతి మూలంలో నిషిద్ధం కాదు. దాని హలాల్ స్వభావం షరతుల మీద ఆధారపడి ఉంది. అద్దెకు ఇచ్చే వస్తువు తెలిసి ఉండాలి. కాలం తెలిసి ఉండాలి. ప్రతిఫలం తెలిసి ఉండాలి. కట్టడాన్ని నిలబెట్టే మౌలికమైన మరమ్మతులు యజమాని భరించాలి.

లోపం ఎక్కడ ఉంది?

ఈ షరతులను చేతిలో పట్టుకుని ఒప్పంద పత్రాన్ని చదివితే చిక్కులు ఒక్కొక్కటే బయటపడతాయి.

మొదటిది వస్తువు. పత్రంలో "గదుల లభ్యతను బట్టి" అనే ఒక్క మాట ఉంటుంది. వేసవి సెలవుల్లో గదులు నిండిపోతాయి. పిల్లలు బడికి వెళ్ళే వర్షాకాలంలో ఖాళీగా ఉంటాయి. మాకు తెలిసిన ఒక కుటుంబం వరుసగా మూడు వేసవులు ప్రయత్నించి, ఒక్కసారి కూడా కోరిన చోట గది పొందలేకపోయింది. రిసార్టులో అడిగితే ప్రధాన కార్యాలయాన్ని అడగమన్నారు. అక్కడ అడిగితే రిసార్టు వారిదే నిర్ణయమన్నారు. రుసుము బిల్లు మాత్రం ఒక్క ఏడు కూడా ఆలస్యం కాలేదు. దొరుకుతుందో లేదో తెలియని దానిని అమ్మడాన్ని మన ఫిఖహ్ "గరర్" అంటుంది. దైవప్రవక్త (సఅసం) దీనిని వారించారు.

రెండవది ప్రతిఫలం. రుసుమును ఎప్పుడైనా, ఎంతైనా పెంచే అధికారం కంపెనీ చేతిలోనే ఉంటే, కొనేవాడు సంతకం చేసే నాటికి తాను చెల్లించబోయే ధర ఎంతో అతనికి తెలియదు. నిర్వహణ ఖర్చులు పెరగడం నిజమే. కరెంటు, జీతాలు, మరమ్మతులు ఏటేటా భారమవుతాయి. ఏ లెక్క ప్రకారం పెంచుతారో ముందే రాసి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. లెక్క చూపకుండా పెంచడం వేరు. పైగా కొన్ని ఒప్పందాలలో ఆలస్యమైన రుసుముపై వడ్డీ వేసే షరతు ఉంటుంది. ప్రవేశ సొమ్మును వడ్డీతో కూడిన వాయిదాలలో కట్టమంటారు. ఇవి వడ్డీయే. పేరు మార్చినంత మాత్రాన దాని విధి మారదు.

మూడవది పత్రం రాసే హక్కు. అప్పు వ్యవహారాలను రాసుకోమని ఆదేశించిన అల్ బఖరా సూరా 282వ ఆయత్‌లో ఒక సున్నితమైన విషయం ఉంది. బాధ్యత ఎవరి మెడమీద పడుతుందో, పత్రంలోని మాటలు అతనే చెప్పి రాయించాలని, అతను అశక్తుడైతే అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పాలని అల్లాహ్ ఆదేశించాడు. బలహీనుడి గొంతు పత్రంలో వినిపించాలన్నదే దీని మర్మం. హోటలు హాలులో ముందే అచ్చు వేసిన ఇరవై పేజీల ఆంగ్ల పత్రంలో తెలుగు, ఉర్దూ మాత్రమే చదవగల తండ్రి గొంతు ఎక్కడ వినిపిస్తుంది?

నాలుగవది, మా దృష్టిలో అన్నింటికంటే పెద్దది, ప్రాతినిధ్యం లేకపోవడం. అపార్టుమెంటులో ఫ్లాటు కొన్నవారికి సంఘం ఉంటుంది. ఆ సంఘం ఏర్పడేలా చూడడం బిల్డరు బాధ్యతేనని 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం చెబుతోంది. కంపెనీలో ఒక్క షేరు కొన్నవాడు కూడా వార్షిక సభలో లెక్కలు అడగవచ్చు, ఓటు వేయవచ్చు. టైమ్‌షేర్ సభ్యుడు లక్షలు కట్టినా వాటాదారుడు కాడు. అతనికి సభ లేదు, ఓటు లేదు. తోటి సభ్యులెవరో కూడా అతనికి తెలియదు. కంపెనీలకు మాత్రం ఆల్ ఇండియా రిసార్ట్ డెవలప్‌మెంట్ అసోసియేషన్ అనే సంఘం ఉంది. మన దేశంలో టైమ్‌షేర్‌కు ప్రత్యేక చట్టం ఏదీ లేదు.

తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపులతో నడుపుకోవడం విశ్వాసుల లక్షణమని అష్ షూరా సూరా 38వ ఆయత్ పేర్కొంది. అమానత్‌లను హక్కుదారులకు అప్పగించమని అన్ నిసా సూరా 58వ ఆయత్ ఆదేశించింది. వేలాది కుటుంబాల నుండి నిర్వహణ పేరుతో వసూలు చేసిన సొమ్ము అమానతే. అమానత్ ఉన్నచోట లెక్క చెప్పే బాధ్యత ఉంటుంది. మన మస్జిదు కమిటీ ఏటా చందాల లెక్క చెప్పకపోతే మనం ఊరుకుంటామా?

పెట్టుబడి ముసుగు

మరొక ప్రమాదాన్ని కూడా హెచ్చరించక తప్పదు. కొందరు "గది వాడుకోకపోతే, గడువు తీరాక మీ సొమ్ము పెంచి తిరిగి ఇస్తాము" అంటారు. పాన్‌కార్డ్ క్లబ్స్ అనే సంస్థ ఇలాంటి హోటలు రాత్రుల పథకాలతోనే 51 లక్షలకు పైగా ప్రజల నుండి 7,035 కోట్ల రూపాయలు సేకరించింది. అది అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని తేల్చి, సొమ్ము తిరిగి ఇవ్వమని సెబీ 2016 ఫిబ్రవరిలో ఆదేశించింది. సొమ్ము ఇచ్చి, కాలం గడిచాక నిర్ణీతమైన అధిక సొమ్ము తీసుకోవడం షరీఅత్ దృష్టిలో వడ్డీ అవుతుంది. మధ్యలో హోటలు గదిని పెట్టినంత మాత్రాన అది వ్యాపారం కాదు.

మూడు దినాల గడువు

అమ్మకాలలో తరచూ మోసపోయే ఒక సహచరునికి దైవప్రవక్త (సఅసం) ఒక ఉపాయం నేర్పారు. కొనేటప్పుడు "మోసం ఉండరాదు" అని ముందే చెప్పమన్నారు. కొన్నదానిని తిరిగి ఇచ్చివేయడానికి మూడు దినాల గడువును కూడా ఆయనకు కల్పించారని ఉల్లేఖనాలలో ఉంది. ఫిఖహ్‌లో "ఖియారె షర్త్" అనే నియమానికి ఇది ఆధారం. ఎన్నో శతాబ్దాల తర్వాత బ్రిటన్ 1992లో టైమ్‌షేర్ కొన్నవారికి మనసు మార్చుకునేందుకు 14 దినాల గడువునిస్తూ చట్టం చేసింది. ఐరోపా దేశాలు 1994లో 10 దినాలు, 2008లో 14 దినాలు నిర్ణయించాయి. ఆ గడువులో ఒక్క రూపాయి కూడా వసూలు చేయరాదన్నాయి. మన దేశంలోనూ ఇలాంటి చట్టం రావాలని ప్రజాప్రతినిధులను కోరడం మన బాధ్యత.

మనం ఏమి చేయాలి?

చట్టం వచ్చేవరకు ఆ మూడు దినాల గడువును మనమే పెట్టుకోవాలి. హాలులో సంతకం చేయకండి. పత్రాన్ని ఇంటికి తెచ్చుకోండి. ఇవ్వమంటే అదే మీకు సమాధానం. ఆంగ్లం తెలిసినవారితో చదివించండి. వేసవిలో గది దొరుకుతుందన్న మాట రాతలో ఉందా, రుసుము పెంపునకు హద్దు ఉందా, మధ్యలో మానుకుంటే ఎంత తిరిగి వస్తుంది, వడ్డీ షరతు ఉందా అన్నవి చూడండి. నోటిమాటలను లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పటికే చేరినవారు నిరాశ పడవలసిన పనిలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. కాబట్టి ఇబ్రహీంపట్నం వాసి రంగారెడ్డి జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే కమిషన్‌కు రుసుము ఉండదు. వివాదం తలెత్తిన రెండేళ్ళలోపు వెళ్ళాలి. ఏకపక్షమైన షరతులను అన్యాయమైన ఒప్పందంగా రాష్ట్ర కమిషన్ ముందు సవాలు చేసే వీలుంది. సంతకం చేయడం తప్ప వేరే దారి లేని కొనుగోలుదారుని ఏకపక్ష షరతులతో కట్టివేయరాదని ఒక ఫ్లాటు కేసులో 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1915 నంబరుకు ఫోను చేసి కూడా సలహా పొందవచ్చు.

అన్నింటికంటే ముఖ్యంగా ఒంటరిగా వెళ్ళకండి. ఒకే సమస్య గల అనేకుల తరపున కొందరు కమిషన్ అనుమతితో ఫిర్యాదు చేయడానికి ఆ చట్టంలోని 35వ సెక్షను వీలు కల్పిస్తోంది. మీ బంధువులలో, మొహల్లాలో ఇదే సంస్థలో చేరినవారిని వెతకండి. పదిమంది కలిసి కూర్చుని రసీదులు, ఉత్తరాలు, గది నిరాకరించిన తేదీలు ఒక చోట చేర్చండి. కంపెనీ ఇవ్వని సంఘాన్ని మీరే నిర్మించుకోండి. "మీ సభ్యత్వాన్ని అమ్మిపెడతాము, ముందు కొంత సొమ్ము కట్టండి" అని ఫోను చేసేవారిని మాత్రం నమ్మకండి.

చివరగా ఆ హాళ్ళలో, ఫోన్ల వద్ద పనిచేస్తున్న మన యువకులకు ఒక మాట. కొలతలలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ దివ్య ఖుర్ఆన్‌లో అల్ ముతఫ్ఫిఫీన్ అనే సూరాయే అవతరించింది. రుసుము సంగతి దాచి అమ్మడం కూడా కొలతలో తగ్గించడమే. జీతం కోసం దాచిన ఆ ఒక్క మాట పాతికేళ్ళు ఒక కుటుంబాన్ని బాధిస్తుంది. ఉన్నది ఉన్నట్లు చెప్పి అమ్మండి. అలా అమ్మనివ్వని చోట పని మానుకోండి. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్ మాత్రమే.

మన వ్యవహారాలలో న్యాయాన్ని, మన సంపాదనలో శుభాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.