చెట్టుకూ చుట్టాలు కావాలి

2014 ఫిబ్రవరిలో బెంగళూరులో కొందరు కలిసి చెట్లకు ఉత్సవం చేశారు. పేరు ‘నెరళు’, అంటే నీడ. కబ్బన్ పార్కులోనూ ఆ చుట్టుపక్కలా చెట్ల కింద కథలు చెప్పారు, బొమ్మలు వేశారు, ఫొటోలు పెట్టారు, పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని ఒక్కో చెట్టు దగ్గర ఆగుతూ నడిచారు. మామూలు జనం తలా కొంత వేసుకున్న చందాలతోనే జరిగిన పండగ అది. మొక్కలు నాటే కార్యక్రమం మాత్రం కాదు. ఉన్న చెట్లను తీరిగ్గా చూడటానికి పెట్టుకున్నది.

ఈ తేడా చిన్నదేమీ కాదు. మనకు చెట్ల కార్యక్రమం అంటే ముందే తవ్వి ఉంచిన గుంత, ముందే తెచ్చి పెట్టిన మొక్క, ముఖ్య అతిథి చెయ్యి వేయగానే చప్పట్లు. 1950లో కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి ఉద్దేశం మంచిదే. ఇప్పుడది చాలాచోట్ల ఇవాళ ఫొటో, రేపు మేక అన్నట్టు తయారైంది. నాటిన మొక్కల లెక్క పేపర్లో వస్తుంది. బతికినవెన్నో అడిగేవాడు ఉండడు. వీధి చివర నలభై ఏళ్లుగా నిలబడ్డ చెట్టుకు పేరేమిటో ఆ వీధిలో నలుగురికి కూడా తెలియదు. పేరు తెలియని దాన్ని కొట్టేస్తుంటే అడ్డుపడేది ఎవరు?

బెంగళూరు చెట్లు వాటంతటవి మొలిచినవి కావు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న మెట్టభూమి ఇది. 1760లో హైదర్ అలీ లాల్‌బాగ్‌కు పునాది వేశాడు. 1870లో రిచర్డ్ శాంకీ అనే ఇంజనీరు కబ్బన్ పార్కుకు రూపం ఇచ్చాడు. 1908లో గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్ అనే జర్మన్ తోటపని నిపుణుడు బరోడా కొలువు వదిలి మైసూరు రాజ్యానికి వచ్చాడు. ఒక జాతి పూత ముగిసేసరికి ఇంకో జాతి పూసేలా వీధుల్లో చెట్లను కూర్చిన ఘనత ఆయనదే అంటారు. ఆ పంచాంగం ఇప్పటికీ నడుస్తోంది. చలికాలంలో గులాబీరంగు టబెబుయా, అది తగ్గేసరికి పసుపుపచ్చది, మార్చిలో ఊదారంగు జకరాండా, ఏప్రిల్ దాటితే తురాయి, పచ్చతురాయి. వానలు వెనకబట్టాక ఆకాశమల్లె. మన ఉగాది సమయానికి వీధి కానుగలు పాత ఆకు రాల్చి, తళతళలాడే లేతాకు వేసి, పూతకు వస్తాయి. పొద్దున్నే చూస్తే చెట్టు కింద ఫుట్‌పాత్ అంతా మరమరాలు ఒలకబోసినట్టు ఉంటుంది. వేపపూత కోసం గాంధీ బజారులోనో మల్లేశ్వరం ఎనిమిదో క్రాసులోనో వెతుక్కునే హడావుడిలో కాలి కింద ఉన్న ఈ పూలను మనం తొక్కుకుంటూ వెళ్లిపోతాం.

అయితే క్రుంబీగల్ ఒక్కడి పేరే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. 1980లలో ఎస్.జి. నేగినహాళ్ అనే అటవీ అధికారి అయిదేళ్లలో దాదాపు పదిహేను లక్షల చెట్లు నాటించారు. కాలనీల్లో మనం ఇవాళ కారు పెట్టుకుంటున్న నీడలో చాలా భాగం ఆయన పుణ్యమే. ఏపుగా పెంచిన మొక్కలు తెచ్చి, చుట్టూ కంచె కట్టి, ఇంటివాళ్లను కలుపుకుని చేసిన పని అది. 2021లో ఆయన పోయారు. పార్కుకు శాంకీ పేరు కాకపోయినా చెరువుకైనా ఉంది. నేగినహాళ్ పేరు మాత్రం ఆయన చెట్ల కింద తిరిగేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. ఊరు పెరిగింది, రోడ్లు చాల్లేదు. ఎం.జి. రోడ్డు పక్కన జనం నడిచే చెట్ల బాట మెట్రో కోసం పోయింది. చట్టం లేక కాదు. చెట్ల రక్షణకు కర్ణాటకలో 1976 నుంచే చట్టం ఉంది. యాభైకి మించి చెట్లు కొట్టాలంటే ముందు జనాన్ని అడగాలన్న నిబంధన కూడా తర్వాత చేరింది. కానీ నోటీసు చెట్టుకు అతికిస్తే చదివేవాళ్లు ఉండాలి, చదివి అభ్యంతరం రాసేవాళ్లు ఉండాలి. చట్టానికి ముందు చెట్టుకు చుట్టాలు కావాలి.

చుట్టాలుంటే ఏమవుతుందో 2016లో చూశాం. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా 6.7 కిలోమీటర్ల ఉక్కు ఫ్లైఓవర్ కడతామన్నారు, దానికి 812 చెట్లు పోతాయన్నారు. అక్టోబరు 16న, ఆదివారం పూట, వేలమంది ‘స్టీల్ ఫ్లైఓవర్ బేడ’, అంటే వద్దు, అని అట్టలు పట్టుకుని ఆ దారి పొడవునా నిలబడ్డారు. మరుసటి ఏడాది మార్చిలో ప్రభుత్వం ఆ ప్రాజెక్టు వదిలేసింది. ఖర్చు మీద, అనుమతుల మీద గొడవలూ అందులో ఉన్నాయి కాబట్టి చెట్ల పండగే ఫ్లైఓవర్‌ను ఆపిందని నేననను. అయితే చెట్టు కింద కథ విన్నవాడు అట్ట పట్టుకుని నిలబడటానికి రెండోసారి ఆలోచించడు.

చెట్ల నడక ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. మైకు ఉండదు. ఇరవై ముప్ఫై మంది, ముందు తెలిసినవాళ్లు ఒకరు. గంటలో అరకిలోమీటరు కూడా నడవరు. నీరుకాయి చెట్టు కింద ఆగి, రాలిన మొగ్గ ఒకటి ఏరి కొన గిల్లి నొక్కుతారు. లోపలి నీళ్లు పిచికారీ కొట్టినట్టు ఎదుటివాడి చొక్కా మీద పడతాయి. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న పిల్లవాడు తక్షణం నేల మీద మొగ్గలు వెతకడం మొదలుపెడతాడు. ఇక వాడు ఆ చెట్టును జన్మలో మరిచిపోడు. ఆకు మీద కాగితం పెట్టి క్రేయాన్ పక్కగా రుద్దితే ఈనెలన్నీ తేలుతాయి. మాను చుట్టూ టేపు వేసి కొలుస్తారు, టేపు లేకపోతే చేతులు పట్టుకుని ఎంతమంది సరిపోతారో చూస్తారు. నిద్రగన్నేరు దగ్గర పొద్దు వాలేదాకా ఉంటే ఆకులు ముడుచుకోవడం కళ్లారా చూడొచ్చు.

ఒక మే నెలలో ఇలాంటి నడకకు గుంటూరు వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ కూడా వచ్చారు. నడిపించే అబ్బాయి తురాయి పువ్వు చేతిలోకి తీసుకుని రెక్కల గురించి, కేసరాల గురించి చెబుతున్నాడు. ఆవిడ ఇంకో పువ్వు ఏరి, రెండు కేసరాలు తుంచి, వాటి తలలు ఒకదానికొకటి తగిలించి పక్కనున్న పాప చేతికి ఒకటిచ్చారు. “లాగు. ఎవరి పుంజు తల తెగితే వాళ్లు ఓడినట్టు.” తర్వాత మొగ్గ తొడిమ దగ్గరి పచ్చ రేకులు ఒలిచి గోళ్లకు అంటించుకుని చూపించారు. “మామ్మగారూ, నాకూ, నాకూ” అని పిల్లలంతా ఆవిడ చుట్టూ మూగారు. నడిపించే అబ్బాయి తెలివైనవాడు, నోరు మూసుకుని పక్కకు జరిగాడు.

బెంగళూరుకు కళలూ చెట్లూ కలవడం కొత్తేమీ కాదు. చైత్ర పౌర్ణమికి ధర్మరాయస్వామి గుడి నుంచి కదిలే కరగ, మల్లెపూల గోపురం నెత్తిన పెట్టుకుని నడిచే ఆ రాత్రి, తిగళల పండగ. తిగళలు తరతరాలుగా ఈ ఊరి తోటమాలులు, లాల్‌బాగ్ మట్టి తెలిసినవాళ్లు. ఏటా జనవరిలో, ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు మనవాళ్లు బస్సులు కట్టుకుని మరీ వస్తారు. 1889 నాటి గాజు మేడలో పూలు గుచ్చిన బొమ్మ ముందు సెల్ఫీ కోసం గంట క్యూ. రెండు శతాబ్దాల వయసు చెప్పే బూరుగ మాను అదే తోటలో గోడల్లాంటి వేళ్లు పరుచుకుని ఉంటుంది. నన్నడిగితే టికెట్ డబ్బులు ఆ మాను కిందే గిట్టుబాటవుతాయి.

వీధుల్లో అశ్వత్థ కట్టెలు చూసే ఉంటారు. రావి, వేప కలిపి పెంచి, చుట్టూ అరుగు కట్టి, నాగశిలలు నిలబెడతారు. మన రచ్చబండకు మేనత్త కూతురనుకోండి. దారం చుట్టిన మాను, పసుపు కుంకుమ, ఆ పక్కనే ఇడ్లీ బండి, అరుగు మీద పేపరు చదివే ముసలాయన. రోడ్డు వెడల్పు చేసే కాంట్రాక్టరు ఆ చెట్టు మీద గొడ్డలి వెయ్యడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. దేవుడి భయం కొంత, వీధి జనం భయం ఎక్కువ.

కదిరి దగ్గర గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది కదా. దాదాపు అయిదెకరాల మేర పరుచుకున్న ఒకే చెట్టు. దాన్ని గొప్ప మర్రిగా లోకానికి చూపించి 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కించినవాడు బెంగళూరు పాత్రికేయుడే. పత్రికల నుంచి తిరిగొచ్చిన తిరస్కార పత్రాలనే బిరుదుగా తగిలించుకుని రిగ్రెట్ అయ్యర్ అని పేరు పెట్టుకున్న మనిషి. గిన్నిస్‌కు ముందు శతాబ్దాల పాటు దాన్ని కాపాడింది మాత్రం తిమ్మమ్మ కథ, శివరాత్రి జాతర. భర్త చితి మీద కాలిపోయిన స్త్రీ కథ అది. దాన్ని మెచ్చుకోలేను, మెచ్చుకోమని మీకూ చెప్పను. ఆ కథే లేకపోతే ఆ చెట్టు ఎప్పుడో కట్టెల అడితికి పోయేదన్నదీ నిజమే.

హైదరాబాదులో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఇంకో రకం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు నూటయాభై మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. ఏటా ఆ తేదీన కొందరు అక్కడ చేరి ఆ రోజును తలుచుకుంటారు. ఆ ఊరి పక్కన చేవెళ్ల దారిలో రోడ్డు వెడల్పుకు కొట్టేయబోయిన మర్రుల కోసం పోరాడినవాళ్లు కూడా నినాదాలతో ఆగలేదు. ఒక్కో చెట్టు దగ్గరికి వెళ్లి లెక్కపెట్టి, ఎక్కడుందో గుర్తించి నమోదు చేశారు. ఊరికే ‘రోడ్డు పక్కన చెట్లు’ అనుకుంటే అవి పోయేవి. ఫలానా చోటి ఫలానా మర్రి అనేసరికి వాదించడానికి పట్టు దొరికింది.

ఇక బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లం, మన సంగతికి వస్తాను. ఈ ఊళ్లో ఆదివారాలు కటింగ్ ప్లేయర్లు పట్టుకుని చెట్లకు కొట్టిన మేకులు, పిన్నులు పీకే యువకుల బృందాలు ఉన్నాయి. మాను మొదట్లో పోసేసిన కాంక్రీటు పగలగొట్టి నీళ్లు దిగడానికి మట్టి వదిలే పనీ చేస్తారు. వాళ్లు పీకే అట్టల్లో సగం ‘పీజీ ఫర్ జెంట్స్’, ‘ఆంధ్రా మీల్స్’. కొట్టించినవాళ్లూ, ఆ అట్ట చూసి వెళ్లేవాళ్లూ చాలావరకు మన పిల్లలే. ఈ ఊరి నీడలో ఉంటూ దానికే మేకులు కొట్టడం మనకు మర్యాద కాదు.

కార్తిక వనభోజనాలు మన తెలుగు సంఘం తప్పకుండా చేస్తుంది, సంతోషం. కానీ రిసార్టులో, బజారులో కొన్న ఉసిరి కొమ్మను బకెట్లో గుచ్చి, దాని ముందు దీపం పెట్టి, అటు తిరిగి తంబోలా ఆడటాన్ని వనభోజనం అనగలమా? భోజనం సరే, వనమేదీ?

అందుకని కార్యవర్గానికీ సభ్యులకూ నా మనవి. ఈ ఏడాది వనభోజనాలకు ముందు ఆదివారం లాల్‌బాగ్‌లో తెలుగులో ఒక చెట్ల నడక పెట్టుకుందాం. నడిపించడానికి బయటినుంచి ఎవరూ అక్కర్లేదు. కొడుకుల దగ్గర, కూతుళ్ల దగ్గర ఉండటానికి వచ్చి అపార్టుమెంటు బాల్కనీలో పొద్దుపుచ్చుతున్న పెద్దవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. పొగడపూలు దారం లేకుండా ఈనెకు గుచ్చడం, కానుగ నూనె దీపం, మోదుగాకు విస్తరి కుట్టడం, ఏ చెట్టు బెరడు ఏ నొప్పికి పనికొస్తుందో వాళ్లకు తెలుసు. పిల్లలకు ఫ్యాన్సీ డ్రెస్ పోటీ ఒక్క ఏడు మానేసి, ‘మా వీధి చెట్టు’ అని బొమ్మ గీసి, దాని కథ అయిదు నిమిషాలు తెలుగులో చెప్పే పోటీ పెడదాం. కథ తెలియకపోతే పక్కింటి కన్నడ తాతగారిని అడిగి తెలుసుకోమందాం, ఆ వంకన ఇరుగుపొరుగు మాటలు కూడా కలుస్తాయి. బాగున్న బొమ్మలు, కథలు వచ్చే ఏడాది సావనీరులో వేద్దాం. ప్రకటనల పేజీలు రెండు తగ్గినా ఫరవాలేదు.

నడకకు రాగలిగినవాళ్లు పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకు రండి, కూర్చోవడానికి బెంచీలు ఉన్న దారినే ఎంచుకుందాం. మేకులు పీకడానికి ఒక కటింగ్ ప్లేయరు కూడా జేబులో వేసుకోండి.