రెండు స్వీడన్ కత్తులు, పది రెట్ల ధర

అడవులూ కొండలూ తిరిగేవాళ్లు నడుముకు కట్టుకునే కత్తుల్లో స్వీడన్ కంపెనీలవి రెండు బాగా పేరున్నవి. ఒకటి మోరాక్నీవ్ వాళ్ల ‘కంపానియన్’. రెండోది ఫెల్‌క్నీవెన్ వాళ్ల ‘ఎఫ్1’. కంపానియన్ అలుగు పొడవు 104 మిల్లీమీటర్లు, ఎఫ్1 అలుగు 97 మిల్లీమీటర్లు. రెండూ మడవని కత్తులే. రెండూ స్టెయిన్‌లెస్ స్టీలులో దొరుకుతాయి. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండోది మొదటిదానికి ఎనిమిది, పది రెట్లు. ట్రెక్కింగ్ మీద మనసుపడ్డ కుర్రాళ్లు కత్తి కొనబోయి ఆగిపోయేది ఇక్కడే. అంత డబ్బు దేనికి పోస్తున్నట్టు? పోసినందుకు ఫలితం ఉంటుందా?

అమ్మేవాళ్ల మాటలతో ఈ లెక్క తేలదు. అలుగులో ఉన్న ఉక్కు ఏమిటి, దాన్ని ఎవరు ఏ అవసరానికి తయారుచేశారు అన్నది తెలిస్తేనే తేలుతుంది.

ఆ కథను రాతి కత్తి దగ్గరనుంచి మొదలుపెట్టాలి. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులోని ఆల్ప్స్ మంచులో ఒక మనిషి శరీరం బయటపడింది. ‘ఓట్జీ’ అని పేరుపెట్టిన ఆ మనిషి సుమారు 5300 ఏళ్ల కిందటివాడు. అతని దగ్గర చెకుముకి రాతి బాకు ఉంది. దానికి కర్ర పిడి, చెట్టు నారతో అల్లిన ఒర ఉన్నాయి. వాటికన్నా ముఖ్యమైన వస్తువు ఇంకొకటి ఉంది. పొట్టి కర్ర ముక్కలో జింక కొమ్ము మొన దిగ్గొట్టి చేసిన పనిముట్టు అది. దానితో రాతి అంచును నొక్కి చిన్న చిన్న పెచ్చులు లేపితే కొత్త పదును వస్తుంది. ఓట్జీ పనిముట్లను పరీక్షించిన పరిశోధకులు అవి ఎన్నోసార్లు పదునుపెట్టగా అరిగి, దాదాపు ఆయువు తీరిపోయే స్థితికి వచ్చాయని తేల్చారు. కత్తితోపాటు పదునుపెట్టే సాధనం కూడా వెంట ఉండాలని ఆ కొండమనిషికి తెలుసు. వేల రూపాయలు పెట్టి కత్తి కొని సానరాయి మరిచిపోయే నేటి కొనుగోలుదారు అతని దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

చెకుముకి గట్టిది, కానీ పెళుసు. కత్తి చరిత్ర అంతా ఈ చిక్కు చుట్టూనే తిరిగింది. గట్టితనం పెరిగితే పదును నిలుస్తుంది, కానీ అంచు పెచ్చులూడుతుంది. విరగని గుణం పెరిగితే అంచు వంగి మొద్దుబారుతుంది. రెంటినీ ఒకే లోహంలో ఇమిడ్చిన మొదటి గొప్ప ఉక్కుల్లో ఒకటి తెలుగు నేల మీద తయారైంది.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, గంటల తరబడి కొలిమి ఊది, కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. ఆ పనిని స్వయంగా చూసి రాసిన హెన్రీ వోయ్‌సీ వ్యాసం 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి ఇంతదూరం వచ్చిన వర్తకుడిని కూడా ఆయన అక్కడ చూశాడు. ఈ రకం ముద్దలతోనే పశ్చిమాసియాలో డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ అలుగులు తయారయ్యేవి. వాటి మీద కనిపించే అలల గీతలకు కారణమేమిటో చాలాకాలం అంతుపట్టలేదు. అమెరికా లోహశాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్, కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి 20వ శతాబ్దం చివర్లో ఆ ముడి విప్పారు. ముడి ఖనిజంలోంచి వచ్చిన వెనేడియం లాంటి లోహాలు అతి స్వల్పంగా ఉన్నా చాలు, కార్బైడ్ రేణువులు వరసలు కడతాయి. పైకి గీతలుగా కనిపించేవి ఆ వరసలే.

ఇప్పుడు అంగట్లో ‘డమాస్కస్’ అని ఎక్కువ ధరకు అమ్మే కత్తులు ఇవి కావు. రెండు రకాల ఉక్కు పట్టీలను కలిపి కాచి, మడతలు వేసి సాగగొట్టి, యాసిడ్‌లో ముంచితే తేలే గీతలవి. ఆ పనిలో నైపుణ్యం ఉంది, అందమూ ఉంది. పదును మాత్రం ఆ గీతల వల్ల పెరగదు. ఇంకా చౌకరకాల్లో ఆ గీతలు లేజర్‌తో చెక్కినవి. నమూనా కోసం డబ్బు పెడుతున్నానని తెలిసి కొంటే తప్పులేదు. పదును కోసమని కొంటే మాత్రం డబ్బు వృథా.

గట్టితనం, పెళుసుతనాల చిక్కు తీరినా ఉక్కుకు తుప్పుపట్టే సమస్య మాత్రం అలాగే ఉండిపోయింది. 1913 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ అనే లోహశాస్త్రవేత్త 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్న ఉక్కును పోతపోయించాడు. ఆయన వెతుకుతున్నది తుపాకి గొట్టాలు త్వరగా అరగకుండా చేసే మార్గం. దొరికింది ఆమ్లాలకు లొంగని లోహం. ఉక్కులో తగినంత క్రోమియం కలిసిపోయి ఉంటే ఉపరితలం మీద కంటికి కనిపించనంత పలచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అది గీసుకుపోయినా గాలి తగలగానే మళ్లీ పుడుతుంది. షెఫీల్డ్ కత్తుల ఊరు కాబట్టి బ్రేర్లీ దానితో బల్లకత్తులు చేయించాలనుకున్నాడు. అక్కడి పనివాళ్లు ఆయన్ను కోయని కత్తులు కనిపెట్టినవాడని ఎగతాళి చేశారు. లోపం ఉక్కుది కాదు, కాచే పద్ధతిది. మామూలు ఉక్కును 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాచి చల్లార్చితే గట్టిపడుతుంది. క్రోమియం ఉక్కుకు 1000 డిగ్రీలు దాటాలి. పాత అలవాటుతో కాస్తే అది మెత్తగా మిగిలిపోతుంది.

ఈ పాఠం ఈనాటికీ పనికొస్తుంది. డబ్బా మీద ఎంత గొప్ప ఉక్కు పేరున్నా కాచి చల్లార్చడంలో తేడా వస్తే ఆ పేరు ఎందుకూ కొరగాదు. అందుకే గట్టితనాన్ని అంకెల్లో చెప్పే కంపెనీని కాస్త ఎక్కువ నమ్మవచ్చు. దీనికి వాడేది రాక్‌వెల్ కొలమానం. హ్యూ రాక్‌వెల్, స్టాన్లీ రాక్‌వెల్ అనే అమెరికన్లకు ఆ పరీక్ష యంత్రం మీద 1919లో పేటెంట్ వచ్చింది. వజ్రపు మొనను 150 కిలోల బరువుతో లోహంలోకి నొక్కి, అది ఎంత లోతుకు దిగిందో చూస్తారు. కత్తులకు 56 నుంచి 62 దాకా మామూలు. కంపానియన్ 56–58 మధ్య ఉంటుంది, ఎఫ్1 59 దగ్గర.

అంకెల్లో తేడా ఇంత తక్కువైతే ధరలో అంత తేడా ఎందుకు?

మోరా అన్నది స్వీడన్‌లోని దలార్నా ప్రాంతంలో సిల్యాన్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన ఫ్రాస్ట్ ఎరిక్ ఎర్సన్ 1891లో అక్కడ దుంగలు మోసే మంచుబళ్ల కర్మాగారం పెట్టాడు. కత్తుల తయారీ ఆ పక్కనే మొదలైంది. ఎర్ర రంగు వేసిన బర్చ్ కర్ర పిడి, సన్నటి అలుగు ఉన్న ఆ కత్తి రైతులు, వడ్రంగులు, జాలర్లు పనిలో వాడుకునే సాధనం, అలంకారం కాదు. నేటి కంపానియన్ దాని వారసురాలే. పిడి ప్లాస్టిక్, రబ్బరుగా మారింది. స్టెయిన్‌లెస్ రకంలో అలుగు శాండ్‌విక్ కంపెనీ రూపొందించిన 12సీ27 అనే ఉక్కు, అందులో కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. గడ్డం గీసే బ్లేడ్ల ఉక్కుకు ఇది దగ్గరి చుట్టం. కార్బైడ్ రేణువులు చాలా సన్నవి కావడంతో అంచును పలచగా నూరవచ్చు, మామూలు సానరాయి మీదే నిమిషాల్లో పదును తిరిగి వస్తుంది.

అలుగు మందం 2.5 మిల్లీమీటర్లు. మధ్యనుంచి అంచుదాకా ఒకటే చదునైన వాలు. ఆ వాలును సానరాయి మీద ఆనించితే కోణం దానంతట అదే కుదురుతుంది. కొత్తగా సానపట్టడం నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి గురువు లేదు.

ఎఫ్1 వేరే అవసరం కోసం పుట్టింది. 1995 నుంచి అది స్వీడన్ వాయుసేన పైలట్ల ప్రాణరక్షణ కత్తి. విమానంలోంచి దూకి గడ్డకట్టిన అడవిలో ఒంటరిగా పడ్డవాడి దగ్గర మరో పనిముట్టు ఉండదు. దుంగ మీద అలుగు ఆనించి వెనకనుంచి కర్రతో కొట్టి చీల్చాలి, సందుల్లో దూర్చి పెకలించాలి. కాబట్టి అలుగు మందం 4.5 మిల్లీమీటర్లు. వంగకుండా నిలిచే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 2.5 నుంచి 4.5కు పోతే మందం రెట్టింపు కూడా కాలేదు గానీ బిగువు దాదాపు ఆరు రెట్లయింది. పైగా అలుగు ఉక్కు పిడి చివరదాకా సాగి బయటికి కనిపిస్తుంది. కంపానియన్‌లో అది పిడి మధ్యలోనే ఆగిపోతుంది. ఎఫ్1 అలుగులో గట్టి ఉక్కుకు రెండు పక్కలా కాస్త మెత్తటి ఉక్కు పొరలు అతికించి ఉంటాయి. అంచు గట్టిగా ఉంటుంది, పక్కలు దెబ్బను తట్టుకుంటాయి.

అదే మందం వంటపనికి శత్రువు. ఎఫ్1తో క్యారెట్ కోస్తే సగం దూరం వెళ్లాక ముక్క పగులుతుంది. కంపానియన్ సాఫీగా దిగిపోతుంది. కోతకు అంచు కోణం, దాని వెనకున్న మందం ఎంత ముఖ్యమో ప్రయోగశాల పరీక్షలు కూడా చూపించాయి. షెఫీల్డ్‌లోని కాట్రా సంస్థ యంత్రం ఇసుకరేణువులు కలిపిన అట్టను కత్తితో పదేపదే కోయించి ఎంత లోతు తెగిందో లెక్కగడుతుంది. అమెరికా లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ ఇదే పద్ధతిలో ఎన్నో ఉక్కులను పోల్చాడు. అంచు కోణం తగ్గిస్తే వచ్చే లాభం చాలాసార్లు ఉక్కు మార్చడం వల్ల వచ్చేదానికన్నా ఎక్కువని ఆయన ఫలితాలు చెబుతున్నాయి.

ఉక్కు పేరుతోనే ధర పెంచే కత్తులు మూడో జాతి. కార్బన్, వెనేడియం ఎక్కువ కలిపిన ఉక్కును మామూలుగా పోతపోస్తే, చల్లారేలోగా కార్బైడ్లు ఉప్మాలోలా ఉండలు కడతాయి. 1970 ప్రాంతంలో అమెరికాలోని క్రూసిబుల్ సంస్థ దీనికి మార్గం తెచ్చింది. కరిగిన ఉక్కు ధారను నత్రజని వాయువుతో చిమ్మి పొడిగా మారుస్తారు. ప్రతి రేణువూ క్షణంలో గడ్డకడుతుంది కాబట్టి కార్బైడ్ పెరగడానికి వ్యవధి ఉండదు. ఆ పొడిని డబ్బాలో పోసి, గాలి తీసి, వేడిమీద అన్నివైపులా నొక్కి దిమ్మగా మారుస్తారు. ఖరీదైన పని. 2001లో కత్తుల కోసమే వచ్చిన ఎస్30వి ఉక్కు ఈ దారిలోదే. అందులో వెనేడియం 4 శాతం. పాత డమాస్కస్ ఉక్కులో చిటికెడంత దాగున్న లోహమే ఇక్కడ ప్రధాన పాత్రధారి.

ఇలాంటి అంచు తాళ్లు, అట్టపెట్టెలు ఎన్నో కోసినా త్వరగా మొద్దుబారదు. కానీ వెనేడియం కార్బైడ్ మామూలు సానరాయిలోని అల్యూమినియం ఆక్సైడ్‌కన్నా గట్టిది. కత్తిని సానపట్టబోతే రాయే ముందు ఓడిపోతుంది. వజ్రపు పొడి అద్దిన పలక కొనాలి. ఊరికి దూరంగా వారం గడిపేవాడికి, అది వెంట లేకపోతే, మొద్దుబారిన ఖరీదైన కత్తి వట్టి బరువు.

ధరలో ఎక్కువ భాగం పిడికీ పేరుకీ పోయే కత్తులూ కొల్లలు. గంటల తరబడి పట్టుకున్నా చెయ్యి నొప్పిపుట్టని పిడి కొనదగినదే, కొమ్ములూ రాళ్లూ పొదిగినది అలంకారానికే. చేతివేళ్లు అంచు మీదికి జారకుండా ఆపే గుబ్బ, తలకిందులు చేసినా కత్తి జారని ఒర, ఈ రెండూ లేకపోతే ఎంత గొప్ప ఉక్కయినా వద్దు. కొనేముందు పిడి పట్టుకుని చూడాలి, ఒరలో పెట్టి దులపాలి.

మన ఊళ్ల సంగతి కూడా ఇందులో కలపాలి. లారీ కమాను పట్టాలను కాచి కమ్మర్లు చేసే కత్తి కొబ్బరిబొండం కొట్టడంలో, ముళ్లకంప నరకడంలో ఈ రెండు స్వీడన్ కత్తులకన్నా ముందుంటుంది. బరువూ పొడవూ ఉన్న కత్తి కావలసిన పని అది. కమ్మరి కత్తికి తుప్పు పడుతుంది, తుడిచి నూనె రాయాలి. కోస్తా ఉప్పుగాలిలో, వానాకాలపు నల్లమలలో వారాల తరబడి తుడిచే ఓపిక లేనివాళ్లకు స్టెయిన్‌లెస్ మేలు. మన ఆయుధ నిబంధనల జాబితాలో ఇంటికీ వ్యవసాయానికీ పరిశ్రమకూ శాస్త్ర అవసరాలకూ కాని 9 అంగుళాలు మించిన పొడవు, లేదా 2 అంగుళాలు మించిన వెడల్పు గల కత్తులు ఉన్నాయి. ఈ రెండు కత్తులూ ఆ కొలతల్లోపే. విమానంలో మాత్రం చేతిసంచిలో పెట్టుకోకూడదు, లగేజీలోనే వేయాలి.

నడిచేదారిలో పండు కోయడానికి, తాడు తెంపడానికి, పుల్లలు చెక్కడానికి కత్తి కావాలంటే చౌకగా దొరికే కంపానియన్ చాలు. మిగిలిన డబ్బులో కొంత మంచి సానరాయికి పెట్టాలి. సహాయం దొరకని చోట చలిలో దుంగలు చీల్చాల్సిన, కత్తి విరిగితే ప్రాణం మీదికొచ్చే పని ఉన్నవాళ్లు ఎఫ్1 కొనడం సబబు. పొడి ఉక్కు కత్తి రోజూ గంటల తరబడి కోసే పని ఉండి, వజ్రపు పలక మీద సానపట్టడం వచ్చినవాళ్లకే.