చెత్త సంచి కట్టేముందు



మీ తమన్‌లోకి చెత్త లోరీ వస్తుందని మీ అందరికీ తెలుసు. కాని ఏ రోజు వచ్చే లోరీ ఏ చెత్తను తీసికొనిపోతుందో తెలిసిన ఇండ్లు తక్కువ. అది మనం తెలిసికొని తీరవలసిన విషయం.

మన కెడా రాష్ట్రంలో 2007వ సంవత్సరపు ఘనవ్యర్థాల చట్టం అమలులో ఉన్నది. దాని క్రింద 2015 సెప్టెంబరు 1 నుండి ప్రతి ఇంటివారు తమ చెత్తను ఇంటిలోనే వేరుచేయుట తప్పనిసరి అయినది. 2016 జూన్ నుండి వేరుచేయని వారికి జరిమానా కూడా వచ్చినది. మొదటిసారి 50 రింగిట్, రెండవసారి 100, మూడవసారి 500, ఆపైన కోర్టు. పెర్లిస్, పహాంగ్, నెగెరి సెంబిలాన్, మలాకా, జొహోర్ రాష్ట్రాలకు, కౌలాలంపూర్, పుత్రజయలకు కూడా ఇదే చట్టం. పేరాక్‌లోని బాగాన్ డాటుక్, తెలుక్ ఇంతాన్ వైపు మన తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ రాష్ట్రం ఈ చట్టంలో చేరలేదు కనుక అక్కడి మజ్లిస్ ఏర్పాట్లు వేరు. సెలవులకు పోయినప్పుడు మీ అత్తయ్యలను, మామయ్యలను అడిగి చూడండి.

మన లోరీ వారానికి మూడు రోజులు వస్తుంది. రెండు రోజులు మిగులు చెత్తకు, అనగా అన్నం మెతుకులు, చేప ముళ్ళు, వాడిన డయాపర్లు మొదలైన వాటికి. మూడవ రోజు తిరిగి వాడదగిన వస్తువులకు, పాత కుర్చీల వంటి పెద్ద సామానుకు, తోట చెత్తకు. ఉగాదికి కట్టిన మామిడి తోరణాలు వాడిపోతే వాటిని కూడా ఈ రోజుకే ఉంచవలెను. కాగితం ఒక సంచిలో, ప్లాస్టిక్ మరొక సంచిలో, సీసాలు, డబ్బాలు ఇంకొక సంచిలో కట్టి టోంగ్ సంపా ప్రక్కన పెట్టవలెను, దాని లోపల కాదు. బజారులో మూడు రంగుల తొట్లు కనిపిస్తే నీలం కాగితానికి, గోధుమరంగు గాజుకు, నారింజరంగు ప్లాస్టిక్కుకు, లోహానికి అని గుర్తుంచుకోండి.

అన్నీ ఒకే సంచిలో వేస్తే ఏమవుతుంది? లోరీ వెనుక ఉన్న ఇనుప పలక చెత్తను గట్టిగా నొక్కుతుంది. అప్పుడు కూర రసం కారి కాగితానికి అంటుతుంది. అట్టి కాగితాన్ని ఏ కర్మాగారమూ తీసికొనదు. మైలో డబ్బాను కొంచెం నీటితో కడిగి పెట్టమని నేను తరగతిలో మాటిమాటికీ చెప్పుట ఇందుకే. గారెలు వేయించిన నూనె సంగతి కూడా చెప్పవలెను. దానిని సింకులో పోస్తే గొట్టంలో గడ్డకట్టి కాలువ మూసికొనిపోతుంది. చల్లారిన తరువాత సీసాలో నింపి ఉంచితే కొనేవారు ఉన్నారు; దానినుండి బయోడీజిల్ తయారుచేస్తారు. “పేపర్ లామా” అని మైకులో అరచుకొంటూ వచ్చే లోరీవాడు పాత పత్రికలకు ఇచ్చే సెన్‌లు మీ ఉండియలోకి పోవచ్చును. అది చట్టానికి విరుద్ధం కాదు!

ఇక అసలు మాట. మీరు కట్టిన సంచిని లోరీలోకి ఎత్తివేసేది యంత్రం కాదు, మనుషుల చేతులు. చేతితొడుగులు ఉన్నా వాటిని సూది గుచ్చగలదు, గాజు కోయగలదు.

మన ఇండ్లలో చక్కెరవ్యాధి ఉన్న పెద్దవారు చాలామంది. నాయనమ్మ ఇన్సులిన్ వేసికొన్న సూదిని టిష్యూలో చుట్టి చెత్తలో పడవేయుట నేను పలు ఇండ్లలో చూచినాను. ఆ సూది మరొకరికి గుచ్చుకొంటే హెపటైటిస్ బి వంటి వ్యాధి సోకే ప్రమాదం ఉన్నది. బట్టలు ఉతికే ద్రవం వచ్చిన మందపాటి ప్లాస్టిక్ సీసాను దీనికొరకు కేటాయించండి. సూదిని వాడిన వెంటనే పెద్దలే అందులో వేసి మూత బిగించవలెను. మీరు సూదిని తాకకూడదు. సీసా ముప్పాతిక నిండిన తరువాత మందులు తెచ్చుకొనే క్లినిక్‌కు తీసికొనిపోయి, ఎక్కడ ఇవ్వవలెనో అడగండి. మిగిలిపోయిన మాత్రలను కూడా ప్రభుత్వ క్లినిక్ మందుల కౌంటరులో తిరిగి ఇవ్వవచ్చును.

పగిలిన గాజును నాలుగైదు పత్రికా కాగితాలలో చుట్టి, టేపు అంటించి, పైన పెద్ద అక్షరాలతో మలాయ్ భాషలో “కాచ” అని వ్రాయండి. తెలుగులో వ్రాస్తే నాకు సంతోషమే గాని, లోరీ మనిషి చదవలేడు.

దోమల మందు డబ్బాలో వాయువు మిగిలి ఉంటే నొక్కినప్పుడు పేలవచ్చును. ఉబ్బిన ఫోన్ బ్యాటరీ నలిగితే మంట పుట్టి లోరీ అంతా అంటుకొనగలదు. అందుచేత బ్యాటరీలను, పాత ఫోన్లను మామూలు సంచిలో వేయకూడదు. కొన్ని షాపింగ్ సముదాయాలలో వాటికి ప్రత్యేకమైన పెట్టెలు ఉన్నవి. ట్యూబ్‌లైటులో పాదరసం ఉంటుంది. పగలకుండా పాత అట్టలో చుట్టి అక్కడికే చేర్చవచ్చునేమో అడగండి.

గడ్డిమందు గురించి ఎస్టేటు బిడ్డగా చెబుతున్నాను. మా అమ్మగారు రబ్బరు చెట్ల వరుసల మధ్య వీపున డబ్బా మోసి మందు కొట్టినవారు. ఆ కాలంలో వాడిన పారాక్వాట్ ఒక గ్రుక్కెడు లోపలికి పోయినా ప్రాణం పోవచ్చును. దానికి విరుగుడు లేదు. 2020 జనవరి 1 నుండి మన దేశంలో దానిని నిషేధించినారు. అయినా తాతగారి సామాను కొట్టంలో పాత సీసా ఒకటి ఇప్పటికీ ఉండవచ్చును. అది కనిపిస్తే తాకవద్దు, మూత తీయవద్దు. పెద్దలకు చెప్పి, వ్యవసాయ శాఖ కార్యాలయాన్ని అడగమనండి. దానిని కాలువలో పోయకూడదు. మందు వచ్చిన ఏ సీసాలోనూ త్రాగే నీరు పట్టకూడదు. ఏ మందునూ శీతలపానీయం సీసాలోకి మార్చకూడదు.

లైను ఇండ్ల వెనుక గుంటలో చెత్త కాల్చే అలవాటు ఇంకా కొందరికి పోలేదు. ఆనాటి చెత్త అరటాకులు, కొబ్బరి చిప్పలు; ఈనాటిది ప్లాస్టిక్, దాని పొగ విషం. పైగా బయట చెత్త కాల్చుట చట్టరీత్యా నేరం.

మూడవ రోజు కొరకు దాచిన డబ్బాలను బోర్లించి పెట్టండి. వాటిలో వాన నీరు నిలిస్తే వారం, పది రోజులలో డెంగీ దోమలు పుట్టుకొస్తాయి.

వచ్చే శనివారం తెలుగు తరగతికి వచ్చేటప్పుడు మీ వీధికి ఆ మూడవ రోజు ఏ వారమో తెలిసికొని, ఒక చీటీపై వ్రాసి తెండి. అందరి చీటీలు చేర్చి గోడపై పట్టిక వ్రాద్దాము.