సంఘం కంప్యూటరుకు తాళం ఎవరి చేతిలో?



బోధన్ నిజాం షుగర్స్ 2015లో మూతపడినది గాని, నిజామాబాదు జిల్లా చెరకు రైతులు కాటా పద్ధతిని మరువలేదు. తూకం వేసేవారొకరు, బిల్లు చెల్లించేవారు మరొకరు. కంప్యూటరు పెట్టిన పాల సంఘంలోనూ ఇదే పద్ధతి ఉండవలెను.

అక్కడ పాల లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. నమోదై, సర్వరు అనే ప్రధాన కంప్యూటరుకు చేరుతాయి. 6.5 ఉన్న వెన్న 5.6గా మారితే నష్టపోయేది పాడి రైతే. కావున సర్వరు ప్రతివారినీ రెండు ప్రశ్నలు అడగవలెను.

మొదటిది: "మీరెవరు?" ఇందుకే ఒక్కొక్కరికి వేరు పేరు, వేరు పాస్‌వర్డు. అందరికీ ఒకే పాస్‌వర్డు ఉంటే తప్పు ఎవరిదో తేలదు. దానిని గోడమీద రాయుట తాళంచెవిని తాళానికే వేలాడదీయుట వంటిది.

రెండవది: "మీకేమి అధికారం?" టెస్టరు పాలు నమోదు చేయవచ్చును, రేటు చార్టు ముట్టరాదు. కార్యదర్శి అంకె దిద్దవలెనన్న అధ్యక్షుని ఆమోదం కావలెను. సభ్యుడు తన ఖాతా చూడవచ్చును, మార్చరాదు. దిద్దినప్పుడు పాత అంకె, కొత్త అంకె, దిద్దినవారి పేరు, వేళ అన్నీ నిలిచి ఉండవలెను. ఆ జాబితాను చెరిపే అధికారం సంఘంలో ఎవరికీ ఉండరాదు.

పని మానినవారి ప్రవేశం ఆ రోజే నిలిపివేయవలెను. పేరు మాత్రం తుడిచివేయరాదు. పాత లెక్కలకు అదే సాక్ష్యం.

తనిఖీలో మేము ముందుగా చూసేది దిద్దుబాట్ల జాబితానే. సర్వసభ్య సమావేశంలో మీరూ అడగండి. పాలు పోసిన చీటీలు దాచి, బిల్లుతో సరిచూసుకోండి. సర్వరు పట్టలేని తప్పును ఆ చీటీయే పడుతుంది.