కన్వర్టరు అమ్మితే ధర కొంత, దీపం కొంత

పాత కారు పొగగొట్టంలోని కాటలిటిక్ కన్వర్టరుకు తుక్కు బజారులో గిరాకీ ఉన్నది. ఆ ధర ఇనుముకు కాదు. లోపలి తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మకు పూసిన ప్లాటినం, పలాడియం, రోడియంలది. ఒక్కొక్క కారులో ఇవి కొద్ది గ్రాములే. అయినా రోడియం 2021 మార్చిలో ఔన్సు (31.1 గ్రాములు) సుమారు 29,000 డాలర్లు పలికింది. రష్యా సరఫరా ఆగుతుందన్న భయంతో పలాడియం 2022 మార్చిలో 3,400 డాలర్లు దాటింది. ఆ రోజుల్లో అమెరికాలో నిలిపి ఉన్న కార్ల కింద దూరి రంపంతో కోసుకుపోవడం ఎక్కువైంది. తరువాత బజారు పడిపోయి, 2024లో పలాడియం 1,000 డాలర్ల చుట్టూ తిరిగింది.

కన్వర్టరు పోయిన కారులో ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లలోను, మన దేశపు బి.ఎస్.-6 కార్లలోను కన్వర్టరుకు ముందొకటి, వెనుకొకటి ఆక్సిజన్ సెన్సార్లు ఉంటాయి. ముందుదాని రీడింగు క్షణక్షణం ఎగిరిపడుతుంది. కన్వర్టరు ఆక్సిజన్‌ను పట్టి విడుస్తూ ఉంటుంది కనుక వెనుకది నిలకడగా ఉండాలి. రెండూ ఒకే తీరున ఊగితే కంప్యూటరు పి 0420 అనే కోడు రాసుకొని దీపం వెలిగిస్తుంది. సెన్సారు వైరు కూడా తెగితే అంతవరకు ఆగదు.

వెనుక సెన్సారును బోలు బోల్టుతో దూరంగా జరపడం, కంప్యూటరులో ఆ పరీక్షనే చెరిపివేయడం కొందరు మెకానిక్కులు చేసే పని. దీపం ఆరుతుంది గాని విషవాయువులు అలాగే బయటికి పోతాయి. అమెరికాలో ఇది ఫెడరల్ చట్టానికి విరుద్ధం. మన దేశంలో కాలుష్య ప్రమాణాలు మీరిన బండికి, 2019 సవరణ తరువాత, మొదటి తప్పుకు 3 నెలల దాకా జైలు గాని, 10,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పోనీ, దీపాన్ని వెలగనిచ్చి తిరుగుదామా అంటే, ఎప్పుడూ వెలిగే దీపం రేపు ఇంజనుకు వచ్చే మరో జబ్బును చెప్పలేదు.

కొత్త కన్వర్టరు బిగించడమే సరైన దారి. ఇక్కడా బేరం చూసుకోవలసి ఉన్నది. చవక రకాల్లో విలువైన లోహం తక్కువగా పూస్తారు; కొన్ని నెలలు దీపం ఆరి, మళ్లీ వెలగడం కద్దు. కొనేముందు పొగగొట్టం లీకులు, సెన్సార్లు, ఇంజను నూనె తాగడం పరీక్షించుకోవాలి. దీపం మిణుకు మిణుకుమంటే ఇంజను మిస్సింగ్ కొడుతున్నదని అర్థం. కాలని పెట్రోలు కన్వర్టరులో మండి, వేలు పోసి కొన్న దిమ్మను కరిగించగలదు. అప్పుడు మాత్రం బండిని నెమ్మదిగా పక్కకు తీసి ఆపడం మంచిది.