ఎందరు పిల్లలు? ఎవరు చెప్పాలి?

పెద్దలకు దణ్ణం పెడితే "అష్టపుత్ర సౌభాగ్యవతీ భవ" అంటారు. ఎలా పెంచాలంటే, "నారు పోసినవాడు నీరు పోయడా!" అంటారు. పుట్టిన బిడ్డ దక్కుతుందన్న నమ్మకం లేని రోజుల దీవెనలివి.

మరి కుటుంబ నియంత్రణకు మతం అడ్డమేనా? ఇరాన్ సంగతే చూడండి. 1979 విప్లవం తర్వాత పెద్ద కుటుంబాలను మెచ్చుకున్న పాలకులే, జనాభా భారమవుతోందని 1989లో మతపెద్దల ఆమోదంతో కుటుంబ నియంత్రణ మొదలుపెట్టారు. పెళ్లికి ముందే వధూవరులిద్దరికీ పాఠాలు చెప్పించారు. 1980 దశకం మొదట్లో ఒక్కో తల్లికి సగటున ఆరుగురికి పైగా ఉన్న పిల్లలు 2000 నాటికి ఇద్దరికి తగ్గారు. 2012 నుంచి మళ్లీ 'ఎక్కువమందిని కనండి' అనే పాటే! మతం మారలేదు, లెక్క మారింది.

మన దగ్గరా అంతే. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ ఒక్కో తల్లికి సగటున పిల్లలు 1.7 మందే మరి!

కనమన్నా, ఆపమన్నా మాట పడేది ఆడదే. ఆపరేషన్ బల్ల ఎక్కేదీ ఎక్కువగా ఆమే. అందుకే దీవించేముందు, లెక్కలు చెప్పేముందు ఒక్కమాట అడగండి: "అమ్మాయ్, నీకెందరు కావాలి?"