గాలి చూసి గన్ను కొనాలి

పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి జిల్లాల నుంచి రోజూ ఎందరో రైతులు వచ్చిపోతుంటారు. ఆసుపత్రి ముందు రోడ్డు మీద నిలబడితే అద్దంలా మెరిసే కార్లు బారులు తీరి కనిపిస్తాయి. ఆ మెరుపు అసలు రంగుది కాదు. రంగు మీద కొట్టిన క్లియర్ కోట్‌ది. మన ట్రాక్టరుకు, సరుకుల ఆటోకు కూడా ఆ మెరుపు రాదా అని అనుకునే వారున్నారు. పొలం పని లేని రోజుల్లో మండల కేంద్రంలో చిన్న పెయింటింగ్ షెడ్డు పెట్టుకుందామనుకునే రైతుబిడ్డలూ ఉన్నారు. వీళ్ళలో చాలామంది ముందు గన్ను కొంటారు, ఆ తర్వాత కంప్రెసర్ సంగతి చూస్తారు. వరుస తిరగబడింది. కంప్రెసర్ ఎంత గాలి ఇస్తుందో తెలుసుకుని, ఆ గాలికి సరిపోయే గన్ను కొనాలి. లేకుంటే పెట్టిన డబ్బు వృథా అవుతుంది.

క్లియర్ అందరికీ అవసరమా?

క్లియర్ అంటే రంగు లేని పూత. మిలమిల మెరిసే మెటాలిక్ రంగు వేసిన కార్లకు దీన్ని తప్పనిసరిగా కొట్టాలి. లేకుంటే కింది రంగు ఎండకు, వానకు త్వరగా పాడైపోతుంది. ట్రాక్టర్లకు వేసే ఎరుపు, నీలం వంటి సాదా రంగులకు మాత్రం ఇది తప్పనిసరి కాదు. మంచి ఎనామిల్ రంగు సరిగ్గా కొడితే దానికదే మెరుస్తుంది. ట్రాలీకి, కల్టివేటరుకు, నాగలికి గన్ను కూడా అక్కర్లేదు. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, పైన ఎనామిల్ బ్రష్షుతో పూస్తే చాలు. అవసరం లేని చోట క్లియర్ పేరుతో ఖర్చు పెట్టుకోవద్దు. ఇంకో మాట. బండి రంగే మార్చాలనుకుంటే, ఆర్.సి.లో రాసి ఉన్న రంగు సంగతి ముందుగా ఆర్.టి.ఓ. ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

గన్నుల్లో రకాలు

డబ్బా ఎక్కడుందనే దాన్ని బట్టి గన్నులు ముఖ్యంగా రెండు రకాలు. డబ్బా కింద వేలాడే గన్ను పాత రకం. ఇది రంగును కింది నుంచి పైకి లాగాలి కాబట్టి ఎక్కువ గాలి తింటుంది. డబ్బా అడుగున కొంత రంగు మిగిలిపోతుంది కూడా. డబ్బా పైన ఉండే గన్నులో రంగు దానంతటదే కిందికి దిగుతుంది. తక్కువ రంగుతో పని జరుగుతుంది, కడగడం సులువు. క్లియర్‌కు ఇదే మేలు.

గాలి ఒత్తిడిని బట్టి ఇంకో తేడా ఉంది. మామూలు గన్ను 45 నుంచి 60 పౌండ్ల గాలితో కొడుతుంది. టైరులో గాలి కొలిచే పౌండ్లే ఇవి. ఈ గన్నుతో రంగులో సగానికి పైగా బండి మీద పడకుండా పొగమంచులా గాలిలో కలుస్తుంది. హెచ్.వి.ఎల్.పి. అనే రకం గన్నులో గాలి పరిమాణం ఎక్కువ, ఒత్తిడి తక్కువ. ముక్కు దగ్గర ఒత్తిడి 10 పౌండ్లకు మించదు. రంగులో నూటికి 65 వంతులు, అంతకు పైగా బండికి అంటుకుంటుంది. క్లియర్, హార్డెనర్ ధరలు తెలిసినవారికి ఈ తేడా విలువ చెప్పనక్కర్లేదు.

అయితే చిక్కు ఇక్కడే ఉంది.

బోరుబావి లెక్కే

బోరులో ఊట ఒకటిన్నర ఇంచీ ఉన్నప్పుడు రెండున్నర ఇంచీల నీళ్ళు లాగే మోటారు దించితే ఏమవుతుంది? మొదట బాగానే పోస్తుంది, కాసేపటికి నీళ్ళు తగ్గి గాలి కొడుతుంది. గన్ను సంగతీ అంతే. కంప్రెసర్ ఇచ్చే గాలిని సి.ఎఫ్.ఎం.లో చెబుతారు. అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని. సుమారుగా ఒక హార్స్‌పవర్ మోటారు 3 నుంచి 4 సి.ఎఫ్.ఎం. గాలి ఇస్తుంది. పంక్చరు షాపులో ఉండే 2 హెచ్.పి. కంప్రెసర్ 6 నుంచి 8 దాకా ఇస్తుంది. హెచ్.వి.ఎల్.పి. గన్నుల్లో చాలా వాటికి 12 నుంచి 15 సి.ఎఫ్.ఎం. కావాలి.

ఈ రెండూ కలిపితే బానెట్టు సగం కొట్టేసరికి ట్యాంకులో ఒత్తిడి పడిపోతుంది. తుంపర్లు లావవుతాయి. క్లియర్ నున్నగా పరుచుకోకుండా బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా ఆరిపోతుంది. మళ్ళీ నీళ్ళ కాగితంతో రుద్ది మొదటి నుంచి కొట్టాలి. చిన్న కంప్రెసర్ ఉన్నవారు తక్కువ గాలితో పనిచేసే ఎల్.వి.ఎల్.పి. రకం గన్ను గానీ, చిన్న భాగాలకు వాడే మినీ గన్ను గానీ తీసుకోవాలి. గన్ను అట్టపెట్టె మీద ఎన్ని సి.ఎఫ్.ఎం. కావాలో రాసి ఉంటుంది. కంప్రెసర్ ఇచ్చే గాలి అంతకంటే ఎక్కువగా ఉంటేనే కొనాలి. పెట్టె మీద ఈ లెక్క లేకపోతే దుకాణదారుని అడగాలి. ఆయనా చెప్పలేకపోతే ఆ గన్ను జోలికి పోవద్దు.

నాజిల్ సైజు

మందు కొట్టే పంపులో కలుపుమందుకు ఒక నాజిల్, పురుగుమందుకు ఇంకో నాజిల్ వాడతాం. రంగు గన్నుకూ అదే పద్ధతి. క్లియర్‌కు 1.3 లేక 1.4 మిల్లీమీటర్ల నాజిల్ సరిపోతుంది. చిక్కగా ఉండే ప్రైమరుకు 1.6 నుంచి 1.8 కావాలి. ఒకే గన్ను కొనే స్తోమత ఉంటే 1.4 తీసుకోండి. నాజిల్, సూది, గాలి మూత మూడూ ఒక సెట్టుగా దొరికే గన్నే కొనాలి. విడి భాగాలు దొరకని గన్ను చవకగా వచ్చినా, సూది అరిగిన నాడు పక్కన పారేయాల్సిందే.

దుకాణంలోనే నీళ్ళు పోసి అట్టముక్క మీద ఒక్కసారి కొట్టించి చూడండి. పడిన మరక నిలువుగా, రెండు కొనల్లో సన్నగా, నడుమ సమంగా ఉండాలి. ఒక పక్కకు వంగినా, నడుమ ఖాళీగా కనిపించినా వేరే గన్ను అడగాలి.

చేలో మందు కొట్టే పంపుతో రంగు కొడదామని కొందరు చూస్తారు. అది పనికిరాదు. థిన్నర్‌కు ప్లాస్టిక్ ట్యాంకు, వాషర్లు దెబ్బతింటాయి. తుంపర కూడా అంత సన్నగా రాదు.

కొట్టే పద్ధతి

కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీటిని రోజూ వదిలేయాలి. గొట్టానికి, గన్నుకు మధ్య నీటిని పట్టే ఫిల్టరు పెట్టుకోవాలి. గాలిలో నీటిచుక్క, నూనెచుక్క వస్తే క్లియర్‌లో చేపకళ్ళలాంటి గుంటలు పడతాయి. ముసురు పట్టిన రోజు పని పెట్టుకోవద్దు. క్లియర్, హార్డెనర్, థిన్నర్ డబ్బా మీద చెప్పిన కొలతలోనే కలపాలి, ఉజ్జాయింపుగా పోయరాదు. గన్నును 6 నుంచి 8 అంగుళాల దూరంలో నిటారుగా పట్టుకుని, ఒకే వేగంతో నడపాలి. ముందు వేసిన పట్టీలో సగాన్ని తర్వాతి పట్టీ కప్పాలి. మొదటి కోటు పలుచగా, 10 నిమిషాలు ఆగి రెండో కోటు నిండుగా కొట్టాలి. ఒకే చోట చెయ్యి ఆగితే క్లియర్ కారిపోతుంది.

పని అయిన వెంటనే గన్ను విప్పి థిన్నర్‌తో కడగాలి. హార్డెనర్ కలిపిన క్లియర్ కొన్ని గంటల్లో రాయిలా గట్టిపడుతుంది. అన్నం తిని వచ్చి కడుగుదాంలే అనుకుంటే గన్ను పోయినట్టే.

ఊపిరితిత్తులు జాగ్రత్త

ఈ గన్ను పుట్టుకే ఒక విచిత్రం. అమెరికాలోని టోలెడో పట్టణంలో 1888లో ఆలెన్ డెవిల్బిస్ అనే గొంతు డాక్టరు రోగుల గొంతులో మందు చల్లడానికి చిన్న తుంపర పరికరం చేశాడు. తర్వాత ఆయన కొడుకు దాని నుంచే రంగు కొట్టే గన్నును తయారుచేశాడు. గొంతు బాగు చేయడానికి పుట్టిన పనిముట్టే ఇప్పుడు జాగ్రత్త లేకుంటే ఊపిరి తీస్తుంది.

క్లియర్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలుంటాయి. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేలమందిని బలిగొన్న విషవాయువు కూడా ఈ కుటుంబానిదే. హార్డెనర్‌లోవి దానంత వేగంగా ఆవిరి కావు. కానీ గన్నుతో కొట్టినప్పుడు తుంపర్లతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాసన చూసి పట్టుకుందామంటే కుదరదు, ముక్కుకు తెలిసేలోపే హద్దు దాటిపోతాయి. కొందరికి వీటి వల్ల ఉబ్బసం పట్టుకుంటుంది. ఒకసారి పడకుండా పోతే ఆ తర్వాత కాస్తంత సోకినా ఆయాసం వస్తుంది. ఆ మనిషి ఆ పని మానుకోవాల్సిందే.

మూతికి తువ్వాల చుట్టుకుంటే ఇది ఆగదు. దుమ్ముకు వాడే మాస్కూ చాలదు. బయటి మంచి గాలిని గొట్టం ద్వారా అందించే మాస్కే అసలైన రక్షణ. ఆ ఏర్పాటు లేనివారు హార్డెనర్ కలిపే క్లియర్ సొంతంగా కొట్టరాదు. ఏర్పాటున్న షెడ్డులో కొట్టించుకోవాలి, లేదా హార్డెనర్ అక్కర్లేని మామూలు ఎనామిల్‌తో సరిపెట్టుకోవాలి. ఎనామిల్ కొట్టేటప్పుడు కూడా రసాయనాల ఆవిరిని ఆపే డబ్బాల మాస్కు పెట్టుకోవాలి. ఇంటి వాకిట్లో, పశువుల కొట్టం పక్కన కొట్టకూడదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. థిన్నర్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది కనుక బీడీ, పొయ్యి దగ్గర లేకుండా చూసుకోవాలి.

పెయింటింగ్ చేసేవారికి సాయంత్రం పూట దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టుండటం వచ్చి, సెలవు రోజున తగ్గుతుంటే దాన్ని జలుబు అనుకోవద్దు. వెంటనే ఛాతీ డాక్టరుకు చూపించి, తాను చేసే పని ఏమిటో, ఏ హార్డెనర్ వాడుతున్నాడో చెప్పాలి. అది చెప్పకపోతే జబ్బు మూలం దొరకడం కష్టం.

కనుక కొనే ముందు లెక్క వేసుకోండి. మాస్కు, గాలి ఫిల్టరు, కంప్రెసర్, ఆ తర్వాతే గన్ను. నాలుగింటికీ డబ్బు సరిపోకపోతే ఈ ఏడాదికి బ్రష్షుతో కానిచ్చేయండి.